అధికారం దిగిన తరువాత అడిగిన లెక్క

గుంటూరు నుంచి నరసరావుపేట, వినుకొండ, దొనకొండ, మార్కాపురం రోడ్డు, కంభం, గిద్దలూరు మీదుగా సాగే రైలుమార్గం నల్లమల కనుమలను దాటి నంద్యాల చేరుతుంది. 1977లో అది ఇంకా మీటరు గేజి దారి. ఆ ఏడాది దేశ రాజకీయాలలో ప్రముఖులైన ఇద్దరు ఆంధ్ర నాయకులు ఈ ఒక్క దారికి రెండు కొసల నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు. తూర్పు కొసన నరసరావుపేట నుంచి గెలిచిన కాసు బ్రహ్మానందరెడ్డి ఎమర్జెన్సీ కాలంలో కేంద్ర హోం మంత్రిగా ఉన్నవారు. మే నెలలో అఖిల భారత కాంగ్రెసు అధ్యక్షులయ్యారు. పడమటి కొసన నంద్యాల నుంచి జనతా అభ్యర్థిగా నీలం సంజీవరెడ్డి గెలిచారు. రాష్ట్రంలోని 42 స్థానాలలో 41 కాంగ్రెసుకు పోగా జనతాకు దక్కిన ఒకే ఒక్క స్థానం అది. ఆయన ముందు లోక్‌సభ స్పీకరై, జులై 25న రాష్ట్రపతి పదవిని స్వీకరించారు.

ఆ అక్టోబరులో ఢిల్లీలో మాజీ ప్రధాని ఇందిరాగాంధీని అవినీతి ఆరోపణలపై నిర్బంధించినప్పుడు, ఈ దారికి ఒక చివరనున్న ప్రతినిధి ఆమె పార్టీకి అధ్యక్షుడు, మరొక చివర నుంచి వెళ్ళినవారు దేశాధ్యక్షుడు. మధ్యనున్న మార్కాపురం, గిద్దలూరు తాలూకాలు ఏడేళ్ళ క్రితమే, అంటే 1970లో, కర్నూలు జిల్లా నుంచి విడిపోయి ఒంగోలు కేంద్రంగా ఏర్పడిన కొత్త జిల్లాలో చేరాయి. పలకల గనులు, మెట్ట సేద్యం, కంభం చెరువు కింద కొంత మాగాణి, ఇదీ ఆ ప్రాంతపు జీవనాధారం. ఇక్కడి ముస్లింలు ఇంట దక్కనీ ఉర్దూ మాట్లాడినా, తెలుగే మాట్లాడే దూదేకుల వారైనా, బడిలో చదివినది ఎక్కువగా తెలుగే. ఢిల్లీ వార్తలు వీరికి ఆకాశవాణి ద్వారానో, విజయవాడ నుంచి వచ్చే పత్రికల ద్వారానో అందేవి. తుర్క్‌మాన్ గేటు వీరికి ఒక వార్త. ఉత్తరాది ముస్లింలకు అది గాయం. ఈ తేడాను మనసులో ఉంచుకోకపోతే తరువాతి చరిత్ర అర్థం కాదు.

పాలకుని లెక్క అడగడమన్నది కొత్త సంగతి కాదు. ఇస్లామీ చరిత్రలో దీనికి రెండు నమూనాలు కనిపిస్తాయి. హజ్రత్ ఉమర్ (రజి) గవర్నర్లను నియమించేటప్పుడే వారి ఆస్తుల వివరం రాయించుకునేవారని, పదవిలో ఉండగా సంపద అసాధారణంగా పెరిగితే అందులో భాగాన్ని ప్రజాధనంలో చేర్చేవారని చరిత్రకారులు రాశారు. ఈజిప్టు విజేత అమ్ర్ బిన్ ఆస్ (రజి) అంతటివారి వద్దకూ ఈ పనిపై ముహమ్మద్ బిన్ మస్లమా (రజి) వెళ్ళారు. ఇక్కడ గమనించవలసినది, లెక్క అడిగినది ఆయన పదవిలో ఉండగానే, సేనలు ఆయన చేతిలో ఉండగానే.

రెండవ నమూనా అబ్బాసీల నాటిది. వజీరు పదవి పోయిన మరునాడే అతనిని పట్టుకుని, ఇల్లు సోదా చేసి, చిత్రహింసలు పెట్టి సొమ్ము కక్కించే పద్ధతి ఒకటి స్థిరపడింది. దానిని ముసాదరా అన్నారు. ఖలీఫా ముక్తదిర్ వద్ద మూడుసార్లు వజీరైన ఇబ్నుల్ ఫురాత్ దీనికి ప్రసిద్ధ ఉదాహరణ. పదవిలోకి వచ్చినప్పుడు తన పూర్వికుని వద్ద సొమ్ము రాబట్టడం, పదవి పోయినప్పుడు తానే ఆ గతికి లోనుకావడం ఆయన జీవితమంతా సాగింది, చివరకు క్రీ.శ. 924లో ప్రాణమే పోయింది. వారిలో అవినీతిపరులు లేరని కాదు. మెండుగానే ఉన్నారు. అయితే అక్కడ విచారణకు గురి కావడానికి తప్పు చేయడం కారణం కాదు, ఓడిపోవడం కారణం. అందుచేత నిజంగా తిన్నవానికీ, తినని వానికీ ప్రజల దృష్టిలో తేడా లేకుండా పోయింది.

కర్నూలు సీమ వారికి ఇంకొక జ్ఞాపకం కూడా ఉంది. 1839లో కంపెనీ ప్రభుత్వం కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాన్‌ను, రహస్యంగా ఆయుధాలు కూడబెట్టాడన్న అభియోగంపై పదవీచ్యుతుణ్ణి చేసి తిరుచిరాపల్లికి పంపింది. మరుసటి ఏడు అక్కడే ఆయన మరణించాడు. మార్కాపురం ప్రాంతం 1800లోనే నిజాం నుంచి కంపెనీకి దత్తమైపోయింది కాబట్టి అప్పటికే ఆ నవాబుల ఏలుబడిలో లేదు. అయినా పాలకుణ్ణి పట్టుకుపోవడమంటే రాజ్యం మారడమే అన్న భావన ఇటువంటి ఘటనల నుంచే జనంలో పాతుకున్నది. న్యాయస్థానం, సాక్ష్యం, రుజువు అన్నవి ఆ భావనలో చోటు దొరకని మాటలు.

ఇక 1977 సంగతి. 1975 జూన్ 25 రాత్రి విధించిన ఎమర్జెన్సీ 1977 మార్చి 21న తొలగింది. ఆ ఇరవై ఒక్క నెలలలో జరిగినవాటిని ఇక్కడ మళ్ళీ ఏకరువు పెట్టనక్కరలేదు. మీసా కింద విచారణ లేకుండా వేలాది మంది జైళ్ళలో ఉన్నారు. 1975 జులైలో నిషేధించిన సంస్థలలో జమాఅతె ఇస్లామీ హింద్ ఒకటి. ఏ న్యాయస్థానంలోనూ ఏ నేరమూ రుజువు కాకుండానే దాని కార్యకర్తలు జైలుపాలయ్యారు. 1976 ఏప్రిల్‌లో ఢిల్లీ తుర్క్‌మాన్ గేటు వద్ద ఇళ్ళ కూల్చివేతను అడ్డుకున్నవారిపై కాల్పులు జరిగాయి. అదే ఏడాది అక్టోబరులో బలవంతపు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లకు ఎదురు తిరిగిన ముజఫర్‌నగర్‌లోనూ తూటాలు పేలాయి. అదే ఏప్రిల్ 28న సుప్రీం కోర్టు, నిర్బంధితునికి హెబియస్ కార్పస్ కోరే హక్కు ఎమర్జెన్సీలో లేదని నలుగురు న్యాయమూర్తుల ఆధిక్యతతో తీర్పు చెప్పింది. హెచ్.ఆర్. ఖన్నా ఒక్కరే విభేదించారు. ఆధిక్య పక్షంలో ఉన్న మీర్జా హమీదుల్లా బేగ్ ఆ మరుసటి జనవరిలో, ఖన్నాను దాటవేసి, ప్రధాన న్యాయమూర్తి అయ్యారు.

మార్చి ఎన్నికలలో ఇందిరాగాంధీ రాయ్‌బరేలీలో రాజ్ నారాయణ్ చేతిలో 55,202 ఓట్ల తేడాతో ఓడిపోయారు. మొరార్జీ దేశాయి ప్రధాని, చరణ్ సింగ్ హోం మంత్రి అయ్యారు. మే 28న మాజీ ప్రధాన న్యాయమూర్తి జె.సి. షా అధ్యక్షతన విచారణ సంఘం ఏర్పడింది. సక్రమమైన దారి అది. ఏది ఎవరి ఆజ్ఞతో జరిగిందో కాగితాలు తెరిచి, సాక్షులను పిలిచి, అందరి ఎదుటా తేల్చే పని అది. సెప్టెంబరు చివరన బహిరంగ విచారణ మొదలైంది కూడా. అలాంటప్పుడు ఆగవలసిన ప్రభుత్వం ఆగలేకపోయింది.

అక్టోబరు 2 గాంధీ జయంతి. మరునాడు, సోమవారం సాయంత్రం, సి.బి.ఐ. అధికారి ఎన్.కె. సింగ్ ఢిల్లీ విల్లింగ్డన్ క్రెసెంటులోని 12వ నెంబరు ఇంటికి వెళ్ళారు. ఆమె మంత్రివర్గంలో పనిచేసిన కొందరిని కూడా అదే రోజున పట్టుకున్నారు. మోపిన నేరాలు రెండు. ఎన్నికల ప్రచారానికి కంపెనీల చేత జీపులు సమకూర్పించుకున్నారన్నది ఒకటి. చమురు అన్వేషణకు సంబంధించిన ఒక కాంట్రాక్టును తక్కువ ధర చెప్పిన అమెరికా సంస్థను కాదని ఒక ఫ్రెంచి సంస్థకు ఇప్పించారన్నది రెండవది.

తనకు బేడీలు వేయవలసిందేనని ఆమె పట్టుపట్టారు. బేడీలు తెచ్చుకోని పోలీసులు సమాధానం చెప్పలేకపోయారు. ఇంతలో పత్రికలవారు, అనుచరులు చేరారు. హర్యానాలోని బడ్ఖల్ సరస్సు వద్దనున్న అతిథి గృహానికి తీసుకుపోవాలని బయలుదేరితే దారిలో రైలు గేటు పడి ఉంది. ఆమె కారు దిగి పక్కనున్న కల్వర్టు మీద కూర్చున్నారు. ఢిల్లీ సరిహద్దు దాటించి తీసుకుపోవడానికి మీకు అధికారం ఎక్కడిదని వెంట వచ్చిన న్యాయవాదులు అడిగారు. జవాబు లేక కార్లు వెనుదిరిగాయి. ఆ రాత్రి ఆమెను ఢిల్లీలో పోలీసు అధికారుల మెస్‌లో ఉంచారు. దేశం మొత్తాన్ని ఇరవై ఒక్క నెలలు భయపెట్టిన వ్యక్తిని అరెస్టు చేయడానికి వెళ్ళినవారు రైలు వేళలు కూడా చూసుకోలేదు!

అక్టోబరు 4న మేజిస్ట్రేటు ఎదుట హాజరుపరిచారు. జామీను ఇవ్వడానికి ఆమె ఒప్పుకోలేదు. ఆరోపణలను నమ్మడానికి తగిన ఆధారం ప్రాసిక్యూషను చూపలేదని మేజిస్ట్రేటు షరతులేమీ లేకుండా విడుదల చేశారు. మొత్తం మీద అరెస్టు పదహారు, పదిహేడు గంటల ముచ్చట.

ఇక్కడ కొంత నిలిచి చూడాలి. పట్టుకున్న వ్యక్తిని ఇరవై నాలుగు గంటలలో మేజిస్ట్రేటు ఎదుట నిలపాలన్నది రాజ్యాంగం 22వ అధికరణం. ఆధారం లేనిదే నిర్బంధం సాగదన్నది నేరవిచారణ స్మృతి. ఈ రెండు గోడలే ఆమెను కాపాడాయి. మీసా నిర్బంధితులకు ఈ గోడలు లేకుండా చేసింది ఆమె ప్రభుత్వమే. జనతా ప్రభుత్వం వాటిని తిరిగి నిలబెట్టింది, వాటి కిందనే తాను ఓడిపోయింది. దీనిని కొందరు జనతా వారి చేతకానితనమన్నారు. చేతకానితనం ఉన్నమాట నిజమే. కాని ఆనాటి మేజిస్ట్రేటు పైవారి ముఖం చూసి రిమాండుకు పంపి ఉంటే, ఎమర్జెన్సీ ఇంకా పోలేదనే అనుకోవలసి వచ్చేది.

అసలు లోపం మరొకచోట ఉంది. తుర్క్‌మాన్ గేటు వద్ద చచ్చినవారి కోసం గాని, కారణం చెప్పకుండా జైళ్ళలో మగ్గినవారి కోసం గాని ఆ అరెస్టు జరగలేదు. జీపుల కోసం జరిగింది. అధికార దుర్వినియోగానికి చట్టంలో సరైన పేరు లేదు. అవినీతికి 1947 నాటి చట్టం సిద్ధంగా ఉంది. చేతికందిన చట్టంతో కొట్టారు. షా సంఘం 1978లో మూడు నివేదికలు ఇచ్చి పెద్ద తప్పులను కాగితం మీద పెట్టింది. అప్పటికే ప్రజల మనసులో విచారణ అంటే ఆ కల్వర్టు మీద కూర్చున్న స్త్రీ బొమ్మ నిలిచిపోయింది. గాయపడినవారి ఫిర్యాదు వెనక్కి పోయింది, గాయపరిచిన వ్యక్తి ఫిర్యాదిగా ముందుకు వచ్చింది.

ఆంధ్రదేశంలో దీని ఫలితమేమిటి? అరెస్టు వల్లనే ఇందిర తిరిగి లేచారని చెప్పడం పరిపాటి. ఈ మాట మన ప్రాంతానికి పూర్తిగా అతకదు. అరెస్టుకు ముందే, ఎమర్జెన్సీ తొలగుతున్న రోజుల్లోనే, రాష్ట్రం 41 స్థానాలు ఆమె పార్టీకి ఇచ్చింది. ఉత్తరాదిలో ముస్లింలు జామా మస్జిద్ ఇమాం అబ్దుల్లా బుఖారీ పిలుపును విని కాంగ్రెసును వదిలినప్పుడు, ఇక్కడి ముస్లింలు మిగతా ఓటర్లతో పాటే నడిచారు. ఉత్తరాదిన జరిగిన స్థాయిలో అత్యాచారాలు ఇక్కడి పల్లెలు చూడలేదు. ఇళ్ళ స్థలాలు, బంజరు పట్టాలు అన్న మాటలు చూశాయి. ఇందుకు ఇక్కడివారిని తప్పుపట్టడం సులభం. తన గడప తొక్కని బాధను వార్తగా మాత్రమే విన్నవారు ఓటు వేసేటప్పుడు తమ గడపనే చూసుకుంటారు.

అరెస్టు ప్రభావం వేరొకచోట కనిపిస్తుంది. 1978 జనవరిలో కాంగ్రెసు చీలింది. అధ్యక్షుడు బ్రహ్మానందరెడ్డి, ముఖ్యమంత్రి జలగం వెంగళరావు ఒక పక్కన. పదవి లేని ఇందిర మరొక పక్కన. వెంగళరావు మీద కూడా కేంద్రం జస్టిస్ విమదలాల్ చేత విచారణ జరిపిస్తూ ఉంది. ఫిబ్రవరి శాసనసభ ఎన్నికలలో 294 స్థానాలకు గాను ఇందిరా కాంగ్రెసుకు 175, జనతాకు 60, రాష్ట్రంలో అధికారం చేతిలో ఉన్న బ్రహ్మానందరెడ్డి కాంగ్రెసుకు 30 వచ్చాయి. కాంగ్రెసు ఓటరు కాంగ్రెసులోనే ఉన్నాడు, అయితే రెండింటిలో అరెస్టయిన నాయకురాలి కాంగ్రెసును ఎంచుకున్నాడు. రైలుమార్గపు తూర్పు కొసనున్న నాయకుడు అలా ఓడిపోయారు.

ఆ తరువాతి మెట్లు త్వరగా చెప్పుకోవచ్చు. 1978 నవంబరులో చిక్కమగళూరు ఉప ఎన్నిక. డిసెంబరు 19న సభాహక్కుల ఉల్లంఘన పేర లోక్‌సభ నుంచి బహిష్కారం, వారం రోజులు తీహారు జైలు. ఈ రెండవ నిర్బంధం న్యాయస్థానం చేసినది కాదు, సభలో ఆధిక్యత గలవారు చేసినది. మొదటి అరెస్టుకన్నా ఇది ఎక్కువ తప్పని చెప్పక తప్పదు. 1980 జనవరిలో ఆమె మెదక్ నుంచి 2 లక్షలకు పైగా ఆధిక్యంతో గెలిచారు. రాష్ట్రంలో మళ్ళీ 42కు 41. జనవరి 14న ఆమె చేత ప్రధానిగా ప్రమాణం చేయించినవారు నంద్యాల నుంచి వెళ్ళిన సంజీవరెడ్డిగారే. అవినీతి కేసులు శిక్ష దాకా పోలేదు.

అయితే ఆ మూడేళ్ళు వృథా కాలేదు. 44వ రాజ్యాంగ సవరణకు సంజీవరెడ్డి 1979 ఏప్రిల్‌లో ఆమోదముద్ర వేశారు. అంతర్గత కల్లోలం పేరుతో ఎమర్జెన్సీ విధించే వీలు దానితో పోయింది. ఎమర్జెన్సీలో సైతం ప్రాణ, వ్యక్తి స్వేచ్ఛలకు రక్షణనిచ్చే హక్కును నిలుపుదల చేయరాదని స్థిరపడింది. ఆ ఏప్రిల్‌లో ఎవరూ బేడీలు అడగలేదు, ఫోటోలూ లేవు. అందుకే దానిని గుర్తుంచుకున్నవారు తక్కువ. హెబియస్ కార్పస్ తీర్పును సుప్రీం కోర్టు తానే తప్పని కొట్టివేయడానికి 2017 వరకు పట్టింది.

నంద్యాల పేరు ఈ చరిత్రలో మరి రెండుసార్లు వస్తుంది. దగ్గరిది ముందు. 2023 సెప్టెంబరు 9 తెల్లవారుజామున, పర్యటనలో ఉన్న మాజీ ముఖ్యమంత్రి నారా చంద్రబాబునాయుడును నైపుణ్యాభివృద్ధి సంస్థ కేసులో సి.ఐ.డి. నంద్యాలలోనే అరెస్టు చేసి, రోడ్డు మార్గాన నల్లమల దాటించి విజయవాడకు తీసుకుపోయింది. యాభై రోజులకు పైగా రాజమండ్రి జైలులో ఉండి, అక్టోబరు 31న మధ్యంతర బెయిలుపై వచ్చారు. 1977లో పదిహేడు గంటలలో ముగిసినది ఈసారి ఏడు వారాలు దాటింది. 2024 జనవరిలో సుప్రీం కోర్టులో ఇద్దరు న్యాయమూర్తులు, ముందస్తు అనుమతి కోరే 17ఎ నిబంధన ఈ కేసుకు వర్తిస్తుందా లేదా అన్నదానిపై విడిపోయారు. అదే జూన్‌లో ఆయన తిరిగి ముఖ్యమంత్రి అయ్యారు. ఇది రాష్ట్ర స్థాయి సంగతి కనుక ఇంతటితో చాలు.

దూరపుది పి.వి. నరసింహారావుగారిది. 1991లో ప్రధాని అయ్యాక ఆయన నంద్యాల ఉప ఎన్నిక ద్వారానే లోక్‌సభకు వెళ్ళారు. 1993 జులై 28న ఆయన ప్రభుత్వంపై అవిశ్వాస తీర్మానం 251 - 265 ఓట్లతో వీగిపోయింది. జార్ఖండ్ ముక్తి మోర్చా సభ్యులకు లంచాలిచ్చి ఆ ఓట్లు సంపాదించారన్నది అభియోగం. 2000 సెప్టెంబరు 29న ప్రత్యేక న్యాయమూర్తి అజిత్ భరిహోక్ ఆయనను, బూటా సింగ్‌ను దోషులుగా నిర్ణయించి, అక్టోబరులో మూడేళ్ళ శిక్ష వేశారు. క్రిమినల్ కేసులో దోషిగా నిర్ణయమైన మొదటి మాజీ ప్రధాని ఆయనే. బెయిలు లభించినందున జైలుకు పోలేదు. 2002 మార్చి 15న ఢిల్లీ హైకోర్టు, అప్రూవరుగా మారిన సభ్యుని సాక్ష్యం నమ్మదగినది కాదని శిక్షను కొట్టివేసింది.

ముస్లిం పాఠకునికి ఇక్కడ ఒక ప్రశ్న రాక మానదు. పి.వి. పేరు వినగానే అతనికి గుర్తుకు వచ్చేది 1992 డిసెంబరు 6. లంచాల కేసు కాదు. బాబ్రీ మస్జిద్ కూలిన రోజున ప్రధానిగా ఉన్న వ్యక్తి కర్తవ్యమేమిటన్నది న్యాయస్థానంలో నేరవిచారణగా ఎన్నడూ రాలేదు. లిబర్హాన్ సంఘం 17 ఏళ్ళు తీసుకుని 2009లో నివేదిక ఇచ్చేనాటికి ఆయన లేరు. అది ఆయనను దోషిగా చూపనూ లేదు. 1977లో వలెనే జనం అడిగిన లెక్క ఒకటి, చట్టం అడిగిన లెక్క మరొకటి. అలాగని జనం మనసులో ఉన్న ఫిర్యాదుకు బదులుగా ఏదో ఒక కేసులో శిక్షపడితే చాలునని సంతోషించడం న్యాయం కాదు. 2000లో శిక్ష పడినప్పుడు అలా సంతోషించినవారూ ఉన్నారు. 2002 తీర్పు వారికి జవాబు చెప్పింది. ఏ కేసుకు ఆ కేసు సాక్ష్యమే ఆధారం.

ఆ కేసు వదిలిపోయిన చిక్కు ఒకటి మాత్రం చాలాకాలం నిలిచింది. 1998 ఏప్రిల్ 17న సుప్రీం కోర్టు ముగ్గురు - ఇద్దరు ఆధిక్యతతో, లంచం పుచ్చుకుని సభలో ఓటు వేసిన సభ్యునికి 105వ అధికరణం కింద రక్షణ ఉందని, లంచం ఇచ్చినవానికి లేదని చెప్పింది. తీసుకున్నవారు బయటపడ్డారు, ఇచ్చారన్నవారు విచారణ ఎదుర్కొన్నారు. 2024 మార్చి 4న ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా దీనిని తోసిపుచ్చి, లంచం తీసుకున్న సభ్యునికి ఏ రక్షణా లేదని తేల్చింది. ఈ తీర్పు వచ్చింది పదవి పోయినవారి మీద పగతో కాదు. పదవిలో ఉన్న ప్రతి సభ్యునికీ అది ఆ రోజు నుంచే వర్తిస్తుంది. అప్పటికి పి.వి. మరణించి పందొమ్మిదేళ్ళు దాటింది.